టర్కీ కోడి, ఇనాయత్ ఖాన్

బుజ్జీ,

మొన్న ఫోన్లో "అమ్మా, మ్యూజియంలో ఆ మొఘల్ బొమ్మలన్నీ ఒకేలా ఉన్నాయి, అయిదు నిమిషాల్లో దాటేశాం" అన్నావు చూడు, ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఇన్నేళ్లు హిస్టరీ పాఠాలు చెప్పుకుని బతికిన దాని కూతురివి! అక్కడే పోట్లాడేదాన్నే, డ్యూటీకి వెళ్తున్నావని ఊరుకున్నా.

బొమ్మల కంటే ముందు జహంగీర్ రాసుకున్న జ్ఞాపకాలు చదువు. 1612లో ఆయన కొలువులోని ముఖర్రబ్ ఖాన్ గోవా నుంచి వింత జంతువుల్ని తెచ్చిచ్చాడు. వాటిలో టర్కీ కోడి ఒకటి. పాదుషా దాన్ని ఎలా చూశాడనుకున్నావు? తల, మెడ ఊసరవెల్లిలా రంగులు మారుస్తాయట. రెచ్చిపోతే పగడంలా ఎరుపు, కాసేపటికి పత్తిలా తెలుపు. వేలాడే కండ ఏనుగు తొండంలా ఉందట. ముత్తాత బాబర్ జంతువుల గురించి రాశాడు గానీ బొమ్మలు వేయించలేదు, నేను వేయిస్తున్నాను అంటాడు. ఆయన ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ వేసిన ఆ కోడి బొమ్మ మీ లండన్లోనే, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. కాగితం మీది బొమ్మల్ని ఎప్పుడూ బయట పెట్టి ఉంచరు, కనుక్కుని వెళ్లు. ఉడుత తోక వెంట్రుకల కుంచెతో వేసే పని అది. దగ్గరగా వంగి చూడాలి, నడుస్తూ చూస్తే ఏం కనపడుతుంది?

ఒక ముఖం ఒకరు వేసి, కన్నూ కనుబొమా ఇంకొకరు వేసినా ఏది ఎవరి చేతి పనో చెప్పేస్తానని కూడా జహంగీర్ రాసుకున్నాడు. గొప్పలే అనుకో. కానీ వాళ్ల నాన్న అక్బర్ చిత్రశాలలో గీత ఒకరిది, రంగు ఒకరిది, ముఖం మరొకరిది కావడం మామూలే. అదంతా చూస్తూ పెరిగినవాడు.

ఇక అసలు సంగతి. 1618లో ఇనాయత్ ఖాన్ అనే కొలువు మనిషి, నల్లమందుకూ మద్యానికీ అలవాటు పడి చివరి రోజుల్లో ఉన్నాడు. ఆగ్రా వెళ్తానని సెలవడిగితే, పల్లకీలో తెచ్చి చూపించారు. ఎముకల మీద తోలు, అంతే. ఇలా చిక్కిపోయిన మనిషిని ఎన్నడూ చూడలేదని ఆశ్చర్యపోయి, చిత్రకారుల్ని పిలిచి బొమ్మ వేయమన్నాడు జహంగీర్. దారిఖర్చులిచ్చి పంపాడు. మర్నాడే ఇనాయత్ ఖాన్ చనిపోయాడు.

ఆ రంగుల బొమ్మ ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. ముందు గీసుకున్న స్కెచ్ బోస్టన్లో ఉంది. దిండ్లకు చేరగిలబడి, చొక్కా తెరుచుకుని, పక్కటెముకలన్నీ లెక్కపెట్టేలా ఉంటాడు. నాకు రంగుల బొమ్మ కంటే స్కెచ్చే ఎక్కువ భయం వేసింది.

జహంగీర్ కోడిని చూసిన కళ్లతోనే ఈయన్నీ చూశాడని నాకనిపిస్తుంది. మీ నాన్న మాత్రం "జాలి లేకపోతే డబ్బెందుకిస్తాడే" అంటారు. రోజూ వార్డులో అలాంటి ముఖాలు చూసేదానివి నువ్వు. ఇంటర్నెట్లో రెండూ దొరుకుతాయి, పెద్దవి చేసి చూసి ఆదివారం ఫోన్ చెయ్యి. నాన్నను కూడా లైన్లో ఉంచుతా.

అమ్మ