వార్షిక నివేదిక 2024–25: సంఘ భవనం తోట, నీటి వాడకం

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

తాగునీటిని తోటలకు, వాహనాలు కడగడానికి వాడరాదని, మీరితే 5,000 రూపాయల జరిమానా, అయినా మానకపోతే రోజుకు మరో 500 రూపాయలు పడుతుందని 2024 మార్చిలో బెంగళూరు జలమండలి ఉత్తర్వు ఇచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ మరుసటి నెలలో మొదలైన ఈ సంవత్సరంలో కార్యవర్గం ముందుకు వచ్చిన మొదటి ప్రశ్న, భవనం ముందున్న పచ్చికను ఉంచాలా, పీకేయాలా అన్నదే. దగ్గరలోని అపార్ట్‌మెంట్ సముదాయం నుంచి శుద్ధి చేసిన మురుగునీటిని ట్యాంకరులో తెప్పించుకుని, ఆ నీటితోనే పచ్చికను నిలుపుకోవాలని తీర్మానించాం.

నీళ్లయితే వచ్చాయి కాని పచ్చిక బాగుపడలేదు. రోజూ ఉదయం స్ప్రింక్లర్లు తిరుగుతున్నా గడ్డి పసుపుబారుతోంది. జూన్‌లో తోటమాలి గునపంతో ఒక మూల పెళ్లగించి చూపించినప్పుడు విషయం అర్థమైంది: పైన ఒక అంగుళం మన్ను తడిగా ఉంది, దాని కింద ఎర్రమట్టి పొడిపొడిగా రాలుతోంది, వేళ్లన్నీ ఆ పైపొరలోనే అల్లుకుని ఉన్నాయి. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే అది ఒక లీటరు. మన 200 చదరపు మీటర్ల పచ్చికకు రోజుకు 3 మిల్లీమీటర్లంటే 600 లీటర్లు, వారానికి 4,200 లీటర్లు. అదే నీటిని వారానికి ఒక్కసారి, 20 మిల్లీమీటర్లుగా ఇస్తే 4,000 లీటర్లు. ఖర్చయ్యే నీరు దాదాపు అంతే అయినా, రోజూ చల్లినది పైపైనే ఆవిరైపోతుంది, ఒకేసారి ఇచ్చినది నాలుగు అంగుళాల లోతుకు దిగి వేళ్లను తన వెంట కిందికి లాగుతుంది. అంత నీరు ఒక్క విడతలో పడితే నేల పీల్చలేక కాలువలోకి పోతుంది గనుక, అరగంట విరామంతో రెండు విడతలుగా, తెల్లవారుజామునే ఇస్తున్నాం. సాయంత్రం పోస్తే రాత్రంతా ఆకు తడిగా ఉండి బూజు తెగుళ్లు పడతాయి.

స్ప్రింక్లరు అన్ని చోట్లా సమానంగా చల్లుతుందన్న నమ్మకం కూడా తప్పని తేలింది. పచ్చికలో అక్కడక్కడా ఒకే కొలత స్టీలు గ్లాసులు పెట్టి, పావుగంట తరువాత స్కేలుతో కొలిస్తే, గేటు పక్క గ్లాసులో అడుగు తడిసిందంతే, మెట్ల దగ్గరిది సగానికి నిండింది. ఎండిన చోటే నీరు తక్కువని తెలియక, అప్పటిదాకా పచ్చిక మొత్తానికీ పోస్తూ వచ్చాం. నాజిళ్లు మార్చాక ఆ తేడా చాలావరకు తగ్గింది.

పెరటి మొక్కల విషయంలో మనం చేసిన తప్పు ఇందుకు భిన్నమైనది. కరివేపాకు ఆకులు పసుపుబారితే దాహమనుకుని బిందెలకొద్దీ పోశాం, నిజానికి పాదులో నీరు నిలిచి వేరు కుళ్లుతోంది. మందారం మిట్టమధ్యాహ్నం వాలినా సాయంత్రానికి లేచి నిలబడితే నీరు అక్కరలేదు, ఉదయానికీ వాలి ఉంటేనే పోయాలి. ఇప్పుడు పాదులను కాండానికి జానెడు దూరంగా తవ్వి, ఎండుటాకులు కప్పి, డ్రిప్ గొట్టాలు వేశాం. శుద్ధి చేసిన నీటిలో లవణాలు ఎక్కువ కనుక కుండీలకు వాన నీటినే పోస్తున్నాం. గోంగూర, కొత్తిమీర మడులకు ఆ ట్యాంకరు నీరు పోయరాదని నిర్ణయం. బతుకమ్మకు మన తోట బంతిపూలే సరిపోవడం ఈ సంవత్సరపు చిన్న సంతోషం.

ఒక లోపాన్ని కూడా సభ్యుల దృష్టికి తేవాలి. వాన పడితే తనంతట తానే ఆగుతుందని చెప్పి టైమరు అమర్చిన గుత్తేదారు, సెన్సరుకు తీగ కలపనే లేదు. అక్టోబరులో నగరమంతా తడిసి ముద్దవుతున్న రోజుల్లో, గొడుగు వేసుకుని నడకకు వచ్చిన ఒక సభ్యురాలు, కురుస్తున్న వానలో మన స్ప్రింక్లర్లు తిరగడం చూసి ఫోన్ చేశారు. కొనుక్కున్న నీరు అలా ఎన్ని ఉదయాలు పోయిందో లెక్క లేదు. అమర్చిన రోజే పరీక్షించకపోవడం కార్యవర్గం తప్పే. తీగ తరువాత కలిపించాం.

2025 ఫిబ్రవరిలో జలమండలి ఆంక్షలు మళ్లీ వచ్చినా ఈసారి తోటకు ఇబ్బంది కలగలేదు. వచ్చే వేసవిలో పచ్చికకు ఐదు రోజులకోసారి నీరివ్వాలని ప్రతిపాదన. గడ్డిపై నడిస్తే అడుగుల గుర్తులు లేవకుండా అలాగే ఉండిపోవడం మీ కంట పడితే, గడువు దాకా ఆగకుండా తోటమాలికి చెప్పండి. టైమరు గది రెండో తాళంచెవి కాపలాదారు దగ్గర ఉంది.

కార్యదర్శి