తెలిసినాయన కదా అని వకీలును పెట్టుకుంటే గడువు దాటిపోయింది

సంపాదకులకు నమస్కారం.

నాకు హనుమకొండలో చిన్న ఐరన్ ఫ్యాబ్రికేషన్ షాపు ఉంది. నిరుడు ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి ఇనుప ర్యాకులు చేసిచ్చాను. బిల్లులో 3 లక్షల 60 వేలు ఆపేసి, ఆరు నెలలు తిప్పించుకుని, చివరికి చెక్కు ఇచ్చారు. అది బౌన్స్ అయింది. డబ్బులు ఎగ్గొట్టేవాళ్ల మీద కోపంతో ఈ ఉత్తరం రాయడం లేదు. వకీలును ఎట్లా వెతుక్కోవాలో తెలియక నేను పడ్డ తిప్పలు ఇంకో షాపాయన పడొద్దని రాస్తున్నాను.

మా బావమరిది "మస్తు సీనియర్ బావా, మా భూమి పంచాయితీ ఆయనే గెలిపించాడు" అంటే ఇంకేమీ అడగకుండా ఆయన దగ్గరికే పోయాను. ఆయన మంచివారే, భూమి కేసుల్లో పేరున్నవారే. కానీ చెక్కు కేసు అంతా రోజుల లెక్క మీద నడుస్తుంది. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల లోపల నోటీసు పంపాలి, అది అందాక 15 రోజులు వాళ్లకు టైం ఇవ్వాలి, అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెల లోపల కోర్టులో ఫిర్యాదు వేయాలి. 138 సెక్షన్ అంటారే, అది ఇదే. నా చెక్కు జూన్ 10న వెనక్కి వచ్చింది, 24న కాగితాలన్నీ ఆయన చేతిలో పెట్టాను. నోటీసు పోస్టులో పడింది మాత్రం జూలై 18న. రిజిస్టర్డ్ పోస్టు రశీదు మీద తేదీ కూడా నేను చూసుకోలేదు. మీ నోటీసు గడువు దాటాక వచ్చింది, చెల్లదు అని అవతలి వకీలు జవాబు రాశాడు. వెల్డింగ్ మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని ఆ కాగితం చదువుకుంటే కాళ్లు చేతులు ఆడలేదు.

ఈసారి తెలిసినవాళ్లను అడగలేదు. నేరుగా కోర్టుకు పోయి, చెక్కు కేసులు నడిచే హాలు ఏదో గుమాస్తాలను అడిగి తెలుసుకుని, మూడు రోజులు వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఎవరు ఫైలు చదువుకుని వస్తున్నారు, ఎవరు ఊరికే వాయిదా అడుగుతున్నారు, ఎవరు బయటికి వచ్చాక క్లయింటుకు ఏం జరిగిందో ఓపికగా చెబుతున్నారు, అన్నీ అక్కడే కనబడతాయి. అట్లా చూసి ఒక మేడం దగ్గరికి పోయాను. నా కథ సగంలోనే ఆపి, "ముందు చెక్కు మీద తేదీ చెప్పండి" అన్నారు. జూన్ 5. "మూడు నెలలు కాలేదు కదా, రేపే మళ్లీ బ్యాంకులో వేయండి" అన్నారు. చెల్లుబాటులో ఉన్నన్ని రోజులు చెక్కు మళ్లీ వేయొచ్చు, రెండోసారి తిరిగొచ్చాక టైంకు నోటీసు ఇస్తే కేసు నిలబడుతుంది, ఇది సుప్రీంకోర్టు 2012లోనే తేల్చిన మాట. ఆ రోజు ఆగస్టు 12. ఇంకో మూడు వారాలు పోతే ఆ దారీ మూసుకుపోయేది. ఇప్పుడు కేసు నడుస్తోంది.

ఈ తిరుగుడులో తెలిసిన సంగతులు ఇంకా కొన్ని ఉన్నాయి. కోర్టు దగ్గర ఒకాయన "ముందు ఫీజు వద్దు, గెలిచాక వచ్చిన దాంట్లో పది శాతం ఇయ్యి" అన్నాడు. అట్లా వాటా మాట్లాడుకోవడం వకీళ్లకు నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ నిబంధనల్లో నిషేధం. ఫీజు బాకీ ఉందని క్లయింటు కాగితాలు ఆపి పెట్టుకోవడానికి కూడా వీల్లేదని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. చెక్కు లేకుండా బిల్లు బాకీ మాత్రమే ఉండి అది 3 లక్షలు దాటితే, అర్జెంటుగా స్టే లాంటిది అవసరమైతే తప్ప, కమర్షియల్ దావా వేసే ముందు మధ్యవర్తిత్వానికి పోవాల్సిందే. ఆ మాట ఎత్తకుండా "రేపే దావా వేద్దాం" అనే వకీలును మధ్యవర్తిత్వం సంగతేందని అడగండి. సరుకు ఇచ్చేనాటికే ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉన్న చిన్న యూనిట్లకైతే, బాకీల తగాదాలు తేల్చే ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్ దారి వేరే ఉంది.

వకీలు పొరపాటు వల్ల నష్టపోతే కన్జ్యూమర్ కోర్టుకు పోదామన్నా కుదరదు, వాళ్ల సేవలు ఆ చట్టం కిందికి రావని 2024 మేలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అంటే మనం జాగ్రత్త పడాల్సింది కేసు ఆయనకు అప్పగించే కాగితం, వకాలత్ మీద సంతకం పెట్టకముందే. కానీ ఎట్లా పడాలి? వకీళ్లు ప్రచారం చేసుకోకూడదు, ఆ నియమం మంచిదే. డాక్టరు బోర్డు మీద గుండె, ఎముకలు అని ఉంటుంది, వకీలు బోర్డు మీద అడ్వకేట్ అని తప్ప ఏమీ ఉండదు. మాలాంటోళ్లం చాయ్ హోటల్ దగ్గరో చుట్టాలనో అడిగి పోతాం. 2008 నుంచి వకీళ్లు తమ పేరు, అడ్రసు, ఏ రకం కేసులు చూస్తారో వెబ్‌సైట్‌లో పెట్టుకోవడానికి బార్ కౌన్సిల్ అనుమతి ఉంది. అవే వివరాలతో వరంగల్, హనుమకొండ బార్ అసోసియేషన్లు ఒక జాబితా తయారు చేసి కోర్టు ఆవరణలో అందుబాటులో పెట్టాలని కోరుతున్నాను. వ్యాపార సంఘాల పెద్దలు కూడా పూనుకుని, నెలకొక రోజు ఒక వకీలును మార్కెట్‌కు పిలిచి గడువుల గురించి చెప్పిస్తే ఎంతో మందికి మేలు.

మొన్న మా పక్క టైర్ల షాపు అన్న ఒక బౌన్సయిన చెక్కు తెచ్చి చూపించి, "దసరా అయ్యాక చూద్దాంలే తమ్మీ" అన్నాడు. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు ఇచ్చే రిటర్న్ మెమో మీద తేదీ చూశాను, అప్పటికే 22 రోజులు అయిపోయాయి. షట్టర్ దించి అప్పటికప్పుడు కోర్టుకు తోలుకపోయాను.

– ఒక ఫ్యాబ్రికేషన్ షాపు యజమాని, హనుమకొండ