మంచులో అడుగుజాడలు: హెమిస్ వెళ్తున్న సభ్యులకు

సభ్యులకు నమస్కారం. ఈ శీతాకాలం లద్దాఖ్‌లోని హెమిస్ జాతీయ ఉద్యానానికి వెళ్తున్నవారు, కనిపించిన ప్రతి పెద్ద జాడనూ మంచు చిరుతదిగా భావించవద్దని మనవి. మధ్యాహ్నపు ఎండకు మంచు కరిగి జాడల అంచులు విచ్చుకుంటాయి కాబట్టి, నక్క జాడ కూడా అసలుకన్నా చాలా పెద్దదిగా కనిపిస్తుంది. అంచులు పదునుగా ఉండే ఉదయపు వేళలో చూడటమే మేలు. చిరుత నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటుంది, అందువల్ల దాని జాడ గుండ్రంగా, గోటి గుర్తులు లేకుండా, అరికాలి మెత్త వెనుక అంచున మూడు వంపులతో పడుతుంది. తోడేలు, కుక్కల జాడలు కోలగా, వేళ్ల ముందు గోటి గాట్లతో ఉంటాయి. ఈ రెండింటినీ ఒక్క జాడతో వేరు చేయలేము, వరుస మొత్తం చూడాలి: తోడేలు సాధారణంగా తిన్నగా సాగిపోతుంది, కుక్క అటూ ఇటూ తిరుగుతుంది. ఫొటోలో జాడ పక్కన స్కేలు తప్పక ఉంచండి. జంతువు వెళ్లిన వైపు కాక, అది వచ్చిన వైపే జాడలను అనుసరించండి. ఆహారం దొరకని చలిలో దాన్ని బెదరగొట్టి పరుగెత్తించడం చాలా అన్యాయం.