విండోస్ 11 ఎక్కించాక మీ లాప్‌టాప్‌లలో తెగిపోతున్న వైఫై: డ్రైవర్ ఇమ్మని ఫిర్యాదు

అమలాపురం,
డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.

లాప్‌టాప్ కంపెనీ కస్టమర్ సేవా విభాగాధిపతి గారికి,

అయ్యా,

అమలాపురం, అంబాజీపేట, ముమ్మిడివరం, రాజోలు చుట్టుపక్కల నుంచి మీ కంపెనీ లాప్‌టాప్‌లు తొమ్మిది మా రిపేరు బల్ల మీదకు వచ్చాయి. అన్నీ ఒకే మోడల్, అన్నింటికీ ఒకటే జబ్బు. విండోస్ 10తో ఉన్నన్నాళ్లూ వైఫై నిక్షేపంగా ఉంది, విండోస్ 11 ఎక్కించిన దగ్గర్నుంచీ తెగుతోంది. సీరియల్ నంబర్లు, బిల్లు నకళ్లు, యజమానుల సంతకాలు ఈ లేఖకు జతచేశాం. ఆ తొమ్మిది మంది తరఫునే ఇది రాస్తున్నాం.

వీళ్లెవరూ సరదాకి మార్చుకున్నవాళ్లు కారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. ఈ మోడల్ విండోస్ 11కి పనికొస్తుందని మీ సైటులోనే రాసి ఉంది. లాప్‌టాప్‌తో పాటు మీరు వేసి పంపిన సహాయక ఆప్ కూడా మార్చుకోమని పదేపదే గుర్తుచేసింది. తీరా మార్చాక మీ సైటులో డ్రైవర్ల (అంటే లోపలి భాగాలని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్ల) పేజీ తెరిచి విండోస్ 11 ఎంచుకుంటే సౌండుకి ఉంది, టచ్‌ప్యాడ్‌కి ఉంది, వైఫై గడి ఖాళీ. విండోస్ 10 ఎంచుకుంటే మాత్రం 2020 తేదీతో పాత డ్రైవర్ ఒకటి కనిపిస్తుంది. మా ఫిర్యాదంతా ఆ ఖాళీ గడి గురించే.

జబ్బు రెండు రకాలుగా కనిపిస్తోంది. మొదటిది: వైఫై గుర్తు నిండుగా చూపిస్తూనే ఉంటుంది, నెట్ మాత్రం అర నిమిషం, ముప్పావు నిమిషం కదలదు. మళ్లీ దానంతటదే వస్తుంది. రెండోది ఇంకా ఘోరం: మూత మూసి పావుగంట తర్వాత తెరిస్తే సెట్టింగ్స్‌లో వైఫై అనే వరుసే ఉండదు. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు మాయమైపోతుంది. దాచిన పరికరాలు చూపించమంటే మసక రంగులో కోడ్ 45తో కనిపిస్తుంది, అంటే కార్డు అసలు తగిలించి లేదని విండోస్ అనుకుంటోందన్నమాట. రీస్టార్ట్ చేసినా రాదు, ఎందుకంటే రీస్టార్ట్‌లో మదర్‌బోర్డు నుంచి కార్డుకు వెళ్లే కరెంటు పూర్తిగా ఆగదు. షిఫ్ట్ కీ నొక్కిపట్టి షట్‌డౌన్ చేసి, చార్జర్ పీకి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి ఉంచితే అప్పుడు తిరిగొస్తుంది. ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఉన్న కుర్రాడు ఈ తతంగం చెయ్యగలడా?

వీటిలో మూడు లాప్‌టాప్‌లు మీ సర్వీసు కేంద్రానికి వెళ్లొచ్చినవే. ఇక్కణ్ణుంచి రానూపోనూ నూరు కిలోమీటర్లు దాటుతుంది. మూడింటికీ ‘లోపం కనబడలేదు’ అని చీటీ రాసిచ్చారు. ఎందుకు కనబడలేదో మేం చెబుతాం. మీ కేంద్రంలో లాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టగానే చార్జర్ తగిలిస్తారు. విండోస్ బ్యాలెన్స్‌డ్ పవర్ ప్లాన్‌లో చార్జింగ్‌లో ఉన్నప్పుడు వైర్‌లెస్ కార్డు గరిష్ఠ పనితీరుతో నడుస్తుంది. బ్యాటరీ మీదకు రాగానే మధ్యస్థ పొదుపులోకి దిగుతుంది. మీ సైటులో లేక విండోస్ అప్‌డేట్ తెచ్చి వేసిన డ్రైవర్ కార్డుని పొదుపులోకి దించుతుంది గానీ మళ్లీ సరిగ్గా లేపలేకపోతోంది. కోనసీమ ఇళ్లలో కరెంటు పోవడం మామూలే. ఇన్వర్టర్ వైరింగు ఫ్యాన్లకీ లైట్లకీ రూటర్ ప్లగ్గుకీ ఉంటుంది, చార్జర్ పెట్టే ప్లగ్గుకి తరచు ఉండదు. కరెంటు పోతుంది, రూటర్ వెలుగుతూనే ఉంటుంది, లాప్‌టాప్ బ్యాటరీ మీదకు మారుతుంది, రెండు మూడు నిమిషాల్లో నెట్ ఆగుతుంది. యజమాని ‘కరెంటు పోయినప్పుడల్లా నెట్ పోతోంది’ అంటాడు, మీ కస్టమర్ కేర్ ‘అయితే రూటర్‌కి యూపీఎస్ పెట్టుకోండి’ అంటుంది. రూటర్ వెలుగుతోందని ఆయన చెప్పినా రాసుకోరు.

మీ ఇంజనీర్లు మళ్లీ చూడాలంటే ఇలా చెయ్యమనండి. చార్జర్ తీసెయ్యాలి. బ్లూటూత్ ఆపాలి. 2.4 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌కి కలపాలి. రెండు కమాండ్ విండోలు పక్కపక్కనే తెరిచి ఒకదాంట్లో రూటర్ చిరునామాకి, అంటే సాధారణంగా 192.168.1.1కి, రెండోదాంట్లో బయటి ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ చిరునామా 8.8.8.8కి ఆగకుండా పింగ్ పెట్టాలి, అంటే జవాబు వస్తోందా అని పలకరిస్తూ ఉండాలి. ఇరవై నిమిషాలు కీబోర్డు ముట్టుకోకూడదు. మా దగ్గర కనబడింది ఇది: రూటర్ జవాబు మొదట 2, 3 మిల్లీసెకన్లలో వస్తుంటుంది. ఏడెనిమిది నిమిషాలకు 180, తర్వాత 940, తర్వాత 1,760. ఆ వెనకే ‘రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్’ అని పది పన్నెండు వరుసలు. రెండు విండోలూ ఒకేసారి ఆగుతాయి. ఇక్కడే అసలు సంగతి తేలిపోతుంది. తప్పు ఫైబర్ లైనుదైతే రెండో విండో మాత్రమే ఆగాలి, రూటర్ జవాబిస్తూనే ఉండాలి. గదిలో నాలుగడుగుల దూరంలో ఉన్న రూటరే పలకడం లేదంటే బయట స్తంభం మీది తీగని అనుమానించి ఏం లాభం?

స్తంభాల సంగతి మాకూ తెలుసండీ. కాలవ గట్ల వెంట కొబ్బరి మట్ట పడి ఫైబర్ తెగడం ఇక్కడ కొత్త కాదు. తెగితే ఇంట్లో ఫైబర్ పెట్టె మీద, సిగ్నల్ అందడం లేదని చెప్పే ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా వెలుగుతుంది. ఈ తొమ్మిది ఇళ్లలో నెట్ ఆగిన సమయానికి ఆ దీపం ఆరి ఉంది, అదే రూటర్ మీద ఫోన్లలో వీడియోలు నడుస్తున్నాయి.

రూటర్ వైపు చెయ్యాల్సినవీ చేసే చూశాం. 2.4కీ 5కీ పేర్లు విడగొట్టాం. చానల్‌ని ఆటో నుంచి తీసి 1, 6, 11 మూడింటి మీదా విడివిడిగా పరీక్షించాం, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించాం. భద్రతని డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలగలుపు నుంచి ఒట్టి డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కి మార్చాం. దీనివల్ల రెండు లాప్‌టాప్‌లలో మొదటిసారి కలవడానికి పట్టే ఆలస్యం తగ్గింది, మధ్యలో తెగడం మాత్రం తగ్గలేదు. 5 గిగాహెర్ట్జ్ వాడుకోండని మీవాళ్ల సలహా. దగ్గర్లో ఉంటే వాడుకోవచ్చు. పాత మండువా ఇళ్లలో మూరెడు మందం గోడలు దాటి ఆ సిగ్నల్ పక్కగదికి కూడా సరిగ్గా పోదు.

కార్డు పాడైందేమోనన్న అనుమానం మాకూ వచ్చింది. సముద్రపు గాలికి ఇక్కడ లోపలి స్క్రూలు తుప్పు పడతాయి. అందుకని తొమ్మిదీ విప్పాం. ఎం.2 2230 సైజు కార్డు, దాని మూల మీద మినప గింజకన్నా చిన్న ఇత్తడి టోపీ, అందులో నల్ల యాంటెన్నా వైరు. రెండింటిలో ఆ టోపీ మీద పచ్చటి చిలుము పట్టి ఉంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక మళ్లీ నొక్కితే ఒకదానిలో సిగ్నల్ 58 శాతం నుంచి 76 శాతానికి పెరిగింది. అయినా బ్యాటరీ మీద పింగ్ పరీక్షలో మునుపటిలాగే ఆగింది. మిగతా ఏడింటిలో చిలుము జాడే లేదు.

ఆ పైన మూడు పరీక్షలు చేశాం. ఈ లేఖలో మీరు ఒక్క పేరానే చదివేటట్టయితే ఇదే చదవండి. పెన్‌డ్రైవ్ నుంచి, విండోస్ బదులు వాడే ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిపి, అదే కార్డు, అదే రూటర్, అదే బ్యాటరీ మీద మూడు గంటలు పింగ్ పెట్టాం: ఒక్క జవాబూ తప్పలేదు. కాబట్టి కార్డు బాగుంది. తర్వాత విండోస్ 11లోనే లోపలి కార్డుని డిసేబుల్ చేసి యూఎస్‌బీ వైఫై డాంగుల్ పెట్టాం: తెగలేదు. కాబట్టి విండోస్‌కీ రూటర్‌కీ మధ్య తగవు లేదు. చివరగా ఒక లాప్‌టాప్‌లో వేరే చిప్ ఉన్న ఎం.2 కార్డు వేశాం: పదకొండు రోజులుగా ఆగకుండా నడుస్తోంది. ఇక మిగిలింది మీ కార్డుకీ విండోస్‌కీ మధ్య ఉన్న డ్రైవర్ ఒక్కటే.

ఆ డ్రైవర్ ఎక్కడిదంటే, విండోస్ అప్‌డేట్ తెచ్చి వేసిన సాధారణ డ్రైవర్. డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ బటన్ నొక్కుదామంటే అది మసకబారి ఉంటుంది, వెనక్కి వెళ్లడానికి పాతది మిగల్లేదు గనక. మీ సైటులోని 2020 డ్రైవర్‌ని చేత్తో ఎక్కించాం. ఆరింటిలో తెగడం చాలావరకు తగ్గింది, మూత తెరిచాక కార్డు మాయమవడం మాత్రం పోలేదు. పైగా రెండింటిలో తర్వాతి అప్‌డేట్ వచ్చి దాన్ని తుడిచేసి మళ్లీ తన డ్రైవర్‌నే పెట్టింది.

మూత సంగతి వేరే. పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో అడిగితే ఈ మోడల్‌లో దాదాపు అన్నీ ఆగిపోయే పాత ఎస్3 నిద్ర లేదు, తెర ఆరినా లోపల కొంత మేలుకొనే ఉండే ఎస్0 అనే మోడర్న్ స్టాండ్‌బై మాత్రమే ఉంది. అలాంటి లాప్‌టాప్‌లో మీ కస్టమర్ కేర్ సలహాల కాగితంలో ఉన్న ‘పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో టిక్ తీసెయ్యండి’ అన్న సలహా కుదరదు, ఆ ట్యాబే ఉండదు. పవర్ ఆప్షన్స్‌లో వైర్‌లెస్ అడాప్టర్ వరుస కూడా కనబడదు. కమాండ్‌తో దాన్ని బయటికి తెచ్చి, బ్యాటరీ మీద కూడా గరిష్ఠ పనితీరుకి మార్చి, ఫాస్ట్ స్టార్టప్ తీసేశాం. ప్రస్తుతానికి జనం దీనితోనే నెట్టుకొస్తున్నారు. బ్యాటరీ కొంత తొందరగా అయిపోతుంది. మీ కాగితంలోని సలహాలు ఈ మోడల్ ముందు పెట్టుకుని రాసినవి కావని మాత్రం తెలుస్తూనే ఉంది.

ఆ కాగితంలో మిగిలినవి నెట్‌వర్క్ రీసెట్, విన్‌సాక్ రీసెట్, డీఎన్‌ఎస్ ఫ్లష్. కార్డే పలకనప్పుడు పై అంతస్తులో ఊడ్చి ప్రయోజనం లేదు. నెట్‌వర్క్ రీసెట్ వల్ల దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లు పోతాయి, ఆఫీసు వీపీఎన్ మళ్లీ పెట్టుకోవాలి. అది కాకపోతే మొత్తం విండోస్ రీసెట్ చెయ్యమంటారు. రొయ్యల చెరువుల మేత లెక్కలు, వాటి సాఫ్ట్‌వేర్ అందులోనే ఉన్న మనిషికి ఆ మాట ఫోన్‌లో అంత తేలిగ్గా ఎలా చెబుతారు?

ఇంకొకటి. విండోస్ 11 నుంచి వెనక్కి వెళ్లడానికి మామూలుగా ఉండే గడువు 10 రోజులు. ఆ గడువులోనే డిజ్మ్ కమాండ్‌తో 60 రోజులకి పెంచుకోవచ్చు. మీవాళ్లు ఒక్కో టికెట్‌కి 7 పనిదినాలు అడుగుతారు. రెండో టికెట్ తెరిచేసరికి గడువు దాటిపోతుంది, వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది. గడువు పెంచుకోమని ఈ తొమ్మిది మందిలో ఒక్కరికీ ఎవరూ చెప్పలేదు.

మేం కోరేవి ఇవి. ఈ మోడల్‌కి, విండోస్ 11కి, మోడర్న్ స్టాండ్‌బైతో సహా మీరు పరీక్షించిన వైఫై డ్రైవర్‌ని మీ సైటులో పెట్టండి, విండోస్ అప్‌డేట్ ద్వారా కూడా అదే వచ్చేలా చూడండి. 30 రోజుల్లో అది కుదరకపోతే కార్డు మార్చి ఇవ్వండి, వారంటీ దాటిందని డబ్బు అడక్కండి. అరిగిపోయిన భాగం గురించి కాదు మా గొడవ, పనికొస్తుందని మీరు రాసిన మాట గురించి. మీ బయోస్ (లాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) వేరే చిప్ ఉన్న కార్డులన్నింటినీ ఒప్పుకుంటుందా, కొన్నింటినేనా అన్నది రాతపూర్వకంగా చెప్పండి. మాకు ఒకటి కుదిరింది గానీ, మిగతా ఎనిమిది మంది చేత కొనిపించి చూడలేం. డ్రైవర్ వచ్చేదాకా సర్వీసు కేంద్రంలో చార్జర్ తీసి పరీక్షించమని ఉత్తర్వు ఇవ్వండి, ‘లోపం కనబడలేదు’ అన్న ఆ మూడు చీటీలూ సరిదిద్దండి.

30 రోజుల్లో జవాబు రాకపోతే యజమానులు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళ్తారు. కొన్నది ఎక్కడైనా, తాము ఉండే చోటే ఫిర్యాదు వేసుకునే వీలు ఆ చట్టంలో ఉందని వాళ్లకి చెప్పాం.

జతచేసినవి: సీరియల్ నంబర్ల పట్టిక, బిల్లు నకళ్లు, మూడు సర్వీసు చీటీల నకళ్లు, పింగ్ పరీక్షల ఫోటోలు, తొమ్మిది లాప్‌టాప్‌లలో మూడేసి రోజులకి తీసిన వైర్‌లెస్ నివేదికలు ఉన్న పెన్‌డ్రైవ్. నివేదికల్లో 8003 నంబరుతో ఉన్న వరుసలు చూడండి, అవన్నీ కనెక్షన్ తెగిన సమయాలే. వాటి పక్కన కరెంటు పోయిన వేళలు పెన్సిల్‌తో రాసిన కాగితం కూడా పెట్టాం.

ఇట్లు,
తొమ్మిది మంది యజమానుల తరఫున,
కంప్యూటర్ రిపేరు దుకాణం,
అమలాపురం.