అంబాసిడర్ యజమానులకు మా షెడ్డు నుంచి

అందరికీ నమస్కారం. దసరా నుంచి లేబర్ చార్జీలు పెంచుతున్నాను. ఈ మాట ముందే చెప్పేస్తే, మిగతాది మీరు కోపం తగ్గాక చదువుకోవచ్చు.

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. 2017లో హిందుస్థాన్ మోటార్స్ ఆ పేరును కూడా 80 కోట్ల రూపాయలకు ఫ్రెంచి కంపెనీ ప్యూజోకు అమ్మేసింది. అంటే మనం నమ్ముకున్న బండికి ఇప్పుడు పుట్టిల్లు లేదు. సామాను మాత్రం ఇంకా కోల్‌కతా నుంచే తెప్పిస్తున్నాను. అక్కడ పదిహేనేళ్లు నిండిన టాక్సీలను రోడ్డెక్కనివ్వరు. అలా తుక్కుకు పోయిన పసుపు టాక్సీల పుణ్యమా అని ఇన్నాళ్లూ విడిభాగాలకు కరువు రాలేదు. ఇప్పుడు ఆ టాక్సీలే అరుదైపోతున్నాయి. దొరికిన గేర్‌బాక్సును విప్పి, అరిగిన పళ్లు చూసి, రెండింటిలోంచి ఒకటి చేయాల్సి వస్తోంది. పెరిగిన చార్జీ ఆ పనికే.

‘వేరే కార్లు కూడా చూడొచ్చు కదా, షెడ్డు నిండుతుంది’ అని మీలో కొందరు అంటున్నారు. లెక్క ప్రకారం అది నిజమే. కానీ చూడను. మా నాన్న విశాఖ రైల్వే స్టేషన్ దగ్గర ఈ బండినే టాక్సీగా తిప్పారు. గేరు స్టీరింగు పక్కనే ఉండేది కాబట్టి ముందు బెంచీ సీటులో కాళ్లకు ఏదీ అడ్డం ఉండదు. డ్రైవరు పక్కన ఇద్దరు పెద్దలు, వాళ్ల ఒళ్లో నేనో మా చెల్లో. అన్నవరమైనా అరసవల్లైనా అలాగే వెళ్లేవాళ్లం. తొంభైల మొదట్లో జపాన్ కంపెనీ ఇసుజు ఇంజిను వచ్చాక గేరు కిందికి దిగింది, లాగుడూ పెరిగింది. మెకానిక్‌గా అడిగితే అదే మంచి బండి అంటాను. నా సొంతానికి మాత్రం పాత 1489 సీసీ ఇంజిను బండినే ఉంచుకున్నాను.

ఈ బండి తీరు తెలియాలంటే అరకు వెళ్లాలి. శృంగవరపుకోట దాటి బొడ్డవర నుంచి ఎక్కుడు మొదలవుతుంది. ఎండాకాలంలో అనంతగిరి ఇంకా రాకముందే ఇంజిను రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. రేడియేటర్‌లో నీళ్లుంటాయి, ట్యాంకులో పెట్రోలుంటుంది, అయినా స్టార్టు కాదు. వేడికి పంపులోనే పెట్రోలు ఆవిరైపోయి కార్బురేటర్‌కు చేరదు, అంతే. నాన్న తువ్వాలు తడిపి పంపు చుట్టూ చుట్టి, బానెట్ ఎత్తి, బీడీ ముట్టించడానికి దూరంగా వెళ్లి కూర్చునేవారు. తువ్వాలు మీద నీళ్లు ఆరేలోపు బండి లేచేది. ఈ వేసవిలో నేనూ అదే చేస్తుంటే వెనక కొత్త కారులో వచ్చిన కుర్రాళ్లు దిగి ఫొటోలు తీసుకున్నారు. తీసుకోనివ్వండి. దిగేటప్పుడు మాత్రం రెండో గేరులోనే దిగండి. పాత మోడళ్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. బ్రేకు మీదే ఆధారపడితే లైనింగు కాలిన వాసన లోపలికే వస్తుంది.

ఘాటీ కంటే మన సముద్రం ఎక్కువ నష్టం చేస్తోంది. బీచ్ రోడ్డులో, భీమిలిలో నిలిపే బండ్లకు ఉప్పుగాలికి తలుపుల అడుగు ముందు తుప్పు పడుతుంది. తలుపు అడుగున నీరు పోయే కన్నాలుంటాయి. మట్టితో పూడిపోతే ఒక తీగతో పొడవండి, ఆ పనికి నా దగ్గరికి రానక్కర్లేదు. భీమిలి నుంచి వచ్చిన రోజు బండి కింద మంచినీళ్లు కొట్టించండి. లేదంటే ఆ డబ్బు టింకరింగ్‌కు పోస్తారు.

ఇంకొకటి. రోజూ ఆఫీసుకు ఏసీలో చల్లగా వెళ్లాలనుకునేవాళ్లు ఈ బండి అమ్ముకోవడమే మంచిది. మంచి బేరం నేనే చూస్తాను, కమిషన్ వద్దు. వేరే కంపెనీ డీజిల్ ఇంజిను బిగించమని మాత్రం అడగొద్దు. రవాణా శాఖ అనుమతి లేకుండా మారిస్తే ఆర్‌సీతో చిక్కులు వస్తాయి. అనుమతి తెచ్చినా ఆ పని నేను చేయను.

కార్తీకంలో అరకు వెళ్లేవాళ్లు వారం ముందే బండి తీసుకురండి. బ్రేకు లైనింగు, రేడియేటర్ గొట్టాలు చూస్తాను. డిక్కీలో ఫ్యాన్ బెల్టు ఒకటి అదనంగా పెట్టుకోండి. అనంతగిరిలో కాఫీ దొరుకుతుంది గానీ అది దొరకదు.