నోరు కట్టుకొమ్మని చెప్పే ముందు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

అనొరెక్సియా (తిండి మానేసి ప్రమాదకరంగా చిక్కిపోవడం), బులీమియా (అదుపు లేకుండా తిని, వాంతి లాంటి మార్గాల్లో వదిలించుకోజూడటం), బింజ్ ఈటింగ్ (అదుపు లేకుండా తినేయడం) రోగులకు వైద్యం చేసే డాక్టర్లం, సైకాలజిస్టులం, డైటీషియన్లం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. బరువు గురించి వేసే పోస్టర్లలోనూ, బడిలో చెప్పే ఆరోగ్య పాఠాల్లోనూ ఒకటే మాట వినిపిస్తుంది: నోరు కట్టుకో, నిగ్రహం ఉంటే చాలు. ఈ జబ్బులున్నవాళ్లకు ఆ మాట విషంతో సమానం. ఎందుకో కాస్త వివరంగా చెప్పనివ్వండి.

అనొరెక్సియా పైకి గొప్ప నిగ్రహంలాగే కనిపిస్తుంది. చాలామందిలో పంతంతోనే మొదలవుతుంది కూడా. బరువు తగ్గుతుంటే నలుగురూ మెచ్చుకుంటారు, లోపలి ఆందోళన కాసేపు సద్దుమణుగుతుంది. పోనుపోను అది వాళ్ల చేతుల్లో ఉండదు. కంచం ముందు కూర్చున్న రోగిని దగ్గరగా చూడండి. ఒక్క ముక్కను పది ముక్కలు చేస్తుంది, కంచం అంచుకు జరుపుతుంది, మళ్లీ మధ్యకు తెస్తుంది. గంట గడుస్తుంది. తినాలని ఉంటుంది, చెయ్యి నోటి దాకా రాదు. ఆహారం ఎంచుకునేటప్పుడు ఈ రోగుల్లో అలవాట్లను నడిపే డోర్సల్ స్ట్రయేటమ్ అనే మెదడు భాగం ఎక్కువగా పనిచేస్తోందని 2015లో వచ్చిన స్కానింగ్ పరిశోధన చూపింది. తనంతట తాను వదులుకోలేనిదాన్ని నిగ్రహం అనడం సరికాదు. అది మెచ్చుకోవలసిన విషయమూ కాదు, మందలించవలసిన మొండితనమూ కాదు.

మొండితనంలా కనిపించేదానిలో చాలా భాగం ఆకలి చేసే పనే. 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టారు. శరీరం, మనసు రెండూ బాగున్నాయని పరీక్షించి 36 మంది యువకులను ఎంచుకుని, 24 వారాలు అరకొర తిండి పెట్టారు. బరువులో దాదాపు పావు వంతు తగ్గింది. సన్నబడాలన్న కోరిక వాళ్లలో ఎవరికీ లేదు. అయినా రోజంతా తిండి కబుర్లే, వంటల పుస్తకాలు చదవడమే. కొద్దిపాటి భోజనాన్ని గంటల తరబడి సాగదీశారు. దిగులు పడ్డారు, మనుషులకు దూరంగా జరిగారు. ఆంక్షలు తీసేశాక కొందరు కడుపు నిండినా ఆపలేకపోయారు. అందుకే మేం ముందు ఒంటికి తిండి అందేలా చూస్తాం, లోతైన కౌన్సెలింగ్ తర్వాత. ఆకలితో ఉన్న మెదడుకు మాటలు ఎక్కవు.

బులీమియా, బింజ్ ఈటింగ్ ఉన్నవాళ్లను లోకం తిండిపోతులంటుంది. 1975లో హెర్మన్, మాక్ అనే పరిశోధకులు చేసిన పరీక్షలో కొందరికి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూడమన్నారు. మామూలుగా తినేవాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తగ్గించారు. రోజూ నోరు కట్టుకునేవాళ్లు అదే తాగాక ఇంకా ఎక్కువ తిన్నారు. నియమం ఎలాగూ తప్పింది కదా, ఇక ఆపి ఏం లాభం అనే ఆలోచన అది. రాత్రి అదుపు తప్పుతుంది, సిగ్గుతో పొద్దున తిండి మానేస్తారు, సాయంత్రానికి మళ్లీ ఆకలి విరుచుకుపడుతుంది. ఈ చక్రం తెగేది నిగ్రహం పెంచితే కాదు, పొద్దుటి తిండి తిరిగి మొదలుపెడితే. రోజుకు మూడు భోజనాలు, రెండు మూడు చిరుతిళ్లు, మధ్యలో నాలుగు గంటలకు మించి ఎడం లేకుండా గడియారం చూసి తినాలి. ఆకలి, కడుపు నిండిన భావన కొన్నాళ్లు నమ్మదగినవిగా ఉండవు. అదుపు తప్పిన మర్నాడు కూడా ఒక్క పూట మానకూడదు. రోగులకు అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఇదే.

ఆసుపత్రుల్లో జరిగే పొరపాటు ఇంకొకటి: బరువు మరీ తక్కువగా లేదని వెనక్కి పంపేయడం. మాటిమాటికీ వాంతి చేసుకునేవాళ్ల బరువు మామూలుగానే ఉండి, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. పడుకున్నప్పుడూ నిలబడ్డాకా నాడి, బీపీ, ఒక ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ చూడకుండా ఎవరినీ ఇంటికి పంపకూడదు. బాగా చిక్కిన రోగికి తిండి మొదలుపెట్టే వారం మరీ ప్రమాదకరం. ఇన్సులిన్ పెరిగి ఫాస్ఫేట్‌ను కణాల్లోకి లాగేస్తుంది, రక్తంలో అది పడిపోతే గుండె, ఊపిరి రెండూ దెబ్బతింటాయి. తిండికి ముందే థయమిన్ (విటమిన్ బి1) కూడా ఇవ్వాలి. ఆ వారమంతా రోజూ ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం చూడాలి. థయమిన్ లేకుండా నేరుగా గ్లూకోజ్ ఎక్కించడం పెద్ద తప్పు. ఆ భయంతోనే రోజుల తరబడి చాలీచాలని తిండి పెట్టడమూ తప్పే, అలా కూడా రోగులు క్షీణిస్తారు.

మీరు చేయగలిగినవి ఉన్నాయి. తరగతి అందరి ముందు పిల్లల బరువు తూచడం, కేలరీలు లెక్కరాయించే హోంవర్కు ఆపించండి. ప్రాథమిక వైద్యులకు ఈ జబ్బులను పసిగట్టే స్కాఫ్ అనే ఐదు ప్రశ్నల పరీక్ష నేర్పించండి. 1999 నుంచి వాడుకలో ఉంది, రెండు నిమిషాల పని. రెండింటికి అవునంటే నిపుణుల దగ్గరికి పంపాలి. ఆసుపత్రిలో చేర్చుకోవడానికి బరువొక్కటే గీటురాయిగా పెట్టే నిబంధన ఎక్కడున్నా తీసేయించండి. కౌమారంలో ఉన్న రోగులకు కుటుంబంతో కలిపి చేసే చికిత్సకు నిధులివ్వండి. అందులో మొదటి దశలో ఏం తినాలో, ఎంత తినాలో అమ్మానాన్నలే చూస్తారు. జబ్బుకు కారణం వాళ్లేనన్న నింద అక్కడ ఉండదు.

పోస్టర్ల మాటలు అచ్చుకు వెళ్లే ముందు మాకు పంపండి. చదివి, ఏ మాట ఎవరికి గుచ్చుకుంటుందో రాసి వారంలోపు తిప్పి పంపుతాం.

ఇట్లు,
ఈటింగ్ డిజార్డర్ల చికిత్సలో పనిచేస్తున్న డాక్టర్లు, సైకాలజిస్టులు, డైటీషియన్లు