చట్టం లేని ఓడరేవు నగరం సెట్టింగ్ బాక్స్‌పై ఫిర్యాదు

సంపాదక విభాగానికి, కస్టమర్ సపోర్ట్ విభాగానికి

విషయం: మీ ఓడరేవు నగరం సెట్టింగ్ బాక్స్‌లోని లోపాలు, వాటి సవరణ గురించి.

నమస్కారం.

రాజు లేడు, కోర్టు లేదు, కాపలా దళం లేదు, ఊరంతా ముఠాలదే రాజ్యం అని మీరు ప్రకటనల్లో చెప్పిన ఓడరేవు నగరం బాక్స్ నేను కొన్నాను. టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాటలతో, పాచికలతో కథ ఆడే రోల్-ప్లేయింగ్ గేముల కోసం ఊరిని వర్ణించే పుస్తకం, మ్యాప్‌లు ఉన్న పెట్టె అది. మా టేబుల్ దగ్గర గేమ్ మాస్టర్‌ని, అంటే కథ నడిపేవాణ్ణి, నేనే. పుస్తకం మొత్తం చదివి, ఆ నగరంలో క్యాంపెయిన్ (చాలా రోజులు సాగే ఒకే కథ) నడిపిన తర్వాతే ఈ లేఖ రాస్తున్నాను. ఇంతకు ముందు మీ సపోర్ట్ విభాగానికి క్లుప్తంగా రాస్తే, ఇది ఊహాలోకం కాబట్టి నచ్చినట్టు మార్చుకోవచ్చని జవాబు వచ్చింది. మార్చుకోవడం నాకు చేతకాక కాదు. నాకు బదులు ఎవరో ఆలోచించి పెట్టారని నమ్మే కదా సెట్టింగ్ పుస్తకం కొంటాం! ఆ ఆలోచనే ఇందులో లేదు.

నా ప్రధాన ఫిర్యాదు ఇది. చట్టం లేని నగరాన్ని మీరు అసలు ఏ కట్టుబాటూ లేని నగరంగా రాశారు. పాలకుడు లేనిచోట మనుషులు బతికి బట్టకట్టాలంటే కట్టుబాట్లు ఇంకా ఎక్కువ కావాలి. ఏ వీధిలో మామూళ్లు ఎవరివి, అప్పు ఎగ్గొడితే ఇంటికి ఎవరొస్తారు, ఎవరి మీద చెయ్యి వేస్తే ఊరంతా తిరగబడుతుంది, ఏ బావి దగ్గర పగవాళ్లు కూడా కత్తి తీయరు. ఇవన్నీ అక్కడ పెరిగిన చిన్నపిల్లలకు కూడా తెలుస్తాయి. నిన్న ఓడ దిగిన ప్లేయర్లకు తెలియవు. అవి ఒక్కొక్కటిగా తెలుసుకోవడం, తెలియక ఇరుక్కోవడం, తెలిసీ తెగించడం, ఇలాంటి నగరంలో ఆడే ఆటంటే అదే. ఒక్క కట్టుబాటు కూడా మీ పుస్తకంలో నాకు కనిపించలేదు.

మా ఆటలో జరిగింది చెబుతాను. రోగ్ క్యారెక్టర్ (దొంగ పాత్ర) ఒక వడ్డీ వ్యాపారిని పట్టపగలు, నడిబజారులో, అందరూ చూస్తుండగా చంపేశాడు. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగి, ఇప్పుడేమవుతుంది అని అడిగారు. నేను ఆ బజారు పేజీ తీశాను. దీపాల రంగు ఉంది. చేపల కంపు ఉంది. వడ్డీ వ్యాపారి స్టాట్స్ (అతని బలాన్ని చెప్పే అంకెలు), అతని పెట్టెలోని బంగారు నాణేల లెక్క ఉన్నాయి. అతను ఏ ముఠాకు కప్పం కడతాడో లేదు. అతని దగ్గర అప్పు తీసుకున్నది ఎవరో లేదు. అతని ఖాతా పుస్తకం తర్వాత ఎవరి చేతికి పోతుందో లేదు. ఈ నగరంలో హత్యకు శిక్ష లేదు అని మాత్రం ఒక వాక్యం ఉంది.

ఆ వాక్యాన్ని నమ్మి ఆట నడిపితే ప్లేయర్లు రెండో మనిషిని ఇంకా తేలిగ్గా చంపుతారు. మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి అసలు మాట్లాడటమే మానేస్తారు. బేరాలు, లంచాలు, బెదిరింపులు, దొంగ ప్రమాణాలు, ఇలాంటి నగరంలో దొరకాల్సిన రుచులన్నీ పోయి కత్తియుద్ధం ఒక్కటే మిగులుతుంది. కత్తియుద్ధమే కావాలంటే నేలమాళిగ చాలు, నగరం ఎందుకు? మాలో ప్యాలడిన్‌గా, అంటే ధర్మం కోసం పోరాడే యోధురాలిగా, ఆడే స్నేహితురాలు, ఇక్కడ నేను ఎవరిని ఎవరి నుంచి కాపాడాలి అని అడిగింది. పుస్తకంలో దానికి జవాబు దొరకలేదు.

చివరికి నేనే కల్పించాను. రేవులో సగం పడవలు ఆ వ్యాపారి దగ్గర తాకట్టులో ఉన్నాయి. ఖాతా పుస్తకం ఎవరి చేతిలో ఉంటే ఆ పడవలు వాళ్లవి. అతను చచ్చాడని తెలిసిన సాయంత్రానికే రెండు ముఠాలు దానికోసం వెతకడం మొదలుపెట్టాయి. బాకీలన్నీ రద్దయినట్టేనని జాలర్లు మాత్రం రోగ్‌ని భుజాల మీద ఊరేగించారు. దాంతో అతను దాక్కునే వీలు కూడా పోయింది! మా క్యాంపెయిన్‌లో మంచి సెషన్లన్నీ (ఒక్కో రోజు ఆట ఒక్కో సెషన్) ఆ ఖాతా పుస్తకం చుట్టూనే నడిచాయి. ఇందులో గొప్ప కల్పన ఏమీ లేదు. చచ్చినవాడు ఎవరికి కావలసినవాడు అని ఒక్కసారి అడిగితే వచ్చేదే. ఆ ప్రశ్న మీ రచయితలు ఒక్క పాత్ర విషయంలో కూడా అడగలేదు.

చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. సముద్రపు దొంగల కంటే చట్టానికి దూరంగా ఉన్నవాళ్లెవరు? దొంగల కెప్టెన్ బార్తొలొమ్యూ రాబర్ట్స్ ఓడలో పాటించిన ఒప్పందం 1724లో అచ్చయింది. అందులో ముఖ్యమైన విషయాలపై ప్రతి మనిషికీ ఓటు ఉంది. డబ్బు పెట్టి పాచికలు, పేకాట ఆడకూడదు. రాత్రి 8 గంటలకు దీపాలు ఆర్పాలి. ఓడలో ఒకరినొకరు కొట్టుకోకూడదు, తగాదా ఉంటే ఒడ్డుకు దిగి కత్తితో, పిస్తోలుతో తేల్చుకోవాలి. దోపిడీలో కెప్టెన్‌కు రెండు వాటాలు. పనిలో కాలో చెయ్యో పోయినవాడికి ఉమ్మడి నిధి నుంచి పరిహారం. గేమ్ మాస్టర్‌గా నాకు ఒక్కో నియమంలో ఒక్కో సెషన్ కనిపిస్తుంది. దీపాలార్పే వేళ దాటాక కింద ఎక్కడో వెలుగు కనిపిస్తే? పరిహారం కోసం వేలు తానే నరుక్కున్నాడని ఎవరైనా ఆరోపిస్తే?

మీ నగరంలో అందరూ భయపడే సామ్రాజ్యపు నౌకాదళం గురించి ఒక పేరా ఉంది. అది వస్తే ఏమవుతుందో మాత్రం లేదు. బహమాస్‌లోని నాసావ్ రేవు దొంగల గుప్పిట్లో ఉన్నప్పుడు 1718లో వుడ్స్ రోజర్స్ గవర్నర్‌గా, బ్రిటిష్ రాజు క్షమాభిక్ష వెంటబెట్టుకుని వచ్చాడు. చాలామంది లొంగిపోయారు. వాళ్లలో పేరుమోసిన బెంజమిన్ హోర్నిగోల్డ్ తన పాత సహచరులనే వేటాడే పనికి కుదిరాడు. ప్రతి క్యారెక్టర్ ముందు, ప్రతి ముఠా ముందు ఒక క్షమాపత్రం పెట్టి సంతకం చేస్తావా అని అడిగితే క్యాంపెయిన్‌కు ఎంత గొప్ప ముగింపు! మీరు దాని గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగారు.

హాంకాంగ్‌లోని కౌలూన్ వాల్డ్ సిటీ కూడా చూడండి. దాదాపు 2.6 హెక్టార్లలో సుమారు 33,000 మంది ఉండేవాళ్లు. దశాబ్దాల పాటు ముఠాల పెత్తనం, లైసెన్సు లేని దంతవైద్యులు, ఒకదాన్నొకటి ఒరుసుకునే మేడలు. అయినా అక్కడ ఫ్యాక్టరీలు నడిచాయి, పిల్లలు పెరిగారు, ఉత్తరాలు ఇంటింటికీ అందాయి. 1990ల మొదట్లో కూల్చేదాకా అది బతికిన ఊరు. మీ నగరంలో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో కూడా రాయలేదు. మంచినీటి బావి ఎవరి చేతిలో ఉందో తెలిస్తే ఊళ్లో సగం రాజకీయం తెలిసినట్టే.

జనాభా లెక్క గురించి కూడా చెప్పాలి. నగరంలో 8,000 మంది ఉంటారని పరిచయంలో ఉంది. రేవు అధ్యాయంలో రోజూ ఉదయం ఇరవై శవాలు తేలతాయని ఉంది. అంటే ఏడాదికి 7,300. మరుసటి ఏడు ఆ నగరంలో ఎవరుంటారు, ఎవరు దోచుకుంటారు, ఎవరిని దోచుకుంటారు? రాత్రి వీధుల్లో ఏం ఎదురవుతుందో పాచికలతో తేల్చే పట్టికదీ ఇదే వరస. రెండు పాచికలు వేసి కూడమన్నారు, 7 వస్తే హంతకుల దాడి అన్నారు. రెండు పాచికలకు ఉన్న 36 కలయికల్లో ఆరు 7 ఇస్తాయి. వీధి దాటిన ప్రతిసారీ ఆరింట ఒక వంతు చావు ముప్పు అన్నమాట. అలాంటి ఊళ్లో రొట్టెలు అమ్మే మనిషి ఇల్లు చేరేది ఎలా? అది అచ్చులో జారిపడ్డ తప్పైతే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. శవాలు ఎక్కువైతే నగరం భయంకరంగా ఉంటుందని అనుకోవడం వల్ల వచ్చిన తప్పు ఇది. ఎవరు పోతే ఊరు ఉలిక్కిపడుతుందో చెప్పినప్పుడే భయం పుడుతుంది.

ముఠాలు ఏడు. ఒక్కోదానికి జెండా, స్థాపకుడి కథ, పచ్చబొట్టు బొమ్మ. చిత్రకారుల పని నిజంగా బాగుంది, వాళ్లకు నా అభినందనలు చేర్చండి. కానీ ఈ నెల ఆ ముఠాకు ఏం కావాలి? దానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరంటే భయం? ఏ ఇద్దరు కలిస్తే మూడోది కూలుతుంది? 2017లో వచ్చిన బ్లేడ్స్ ఇన్ ది డార్క్ అనే గేమ్‌లో ప్రతి ముఠాకూ ఒక స్థాయి ఉంటుంది, లక్ష్యాలు ఉంటాయి. ఆ లక్ష్యం ఎంత దగ్గరపడిందో వృత్తంలోని భాగాలు ఒక్కొక్కటిగా నింపుతూ లెక్కపెట్టే గడియారం వాడతారు. ప్లేయర్లు మరో వీధిలో ఉన్నా నగరం తన పని తాను చేసుకుపోతుంది. మీరు ఆ పద్ధతే వాడాలని కాదు, ఏదో ఒక పద్ధతి ఉండాలి. మీ ముఠాలు ప్లేయర్లు తలుపు తట్టేదాకా కదలవు.

బానిసల సంత గురించి రాసిన నాలుగు పేజీలు నన్ను బాగా కలవరపెట్టాయి. అలాంటి నగరంలో ఆ క్రూరత్వం ఉండదని నేను అనను. అక్కడ అమ్ముడుపోయే వాళ్లలో ఒక్కరికీ పేరు లేదు, ధరలు మాత్రం ఉన్నాయి. తప్పించుకోవాలని చూసేవాళ్లు లేరు, దాచిపెట్టే ఇల్లు లేదు, ఎదిరించే ముఠా లేదు. టేబుల్ దగ్గర ఇలాంటివి ఎలా తేవాలో సలహా లేదు. ఆట మొదలుకాకముందే అందరూ కూర్చుని ఏవి ఉండాలి, ఏవి అసలు వద్దు అని మాట్లాడుకునే సెషన్ జీరో, ఇబ్బంది అనిపించిన క్షణంలో ఎవరైనా చూపగలిగే ఎక్స్-కార్డ్ ఇవాళ చాలా టేబుళ్ల దగ్గర మామూలే. చీకటి నగరం అమ్మేవాళ్లు వీటికి ఒక పేజీ ఇవ్వాలి. నా టేబుల్‌లో ఒకరు ఆ సంత వచ్చిన సెషన్ మధ్యలో లేచి వెళ్లిపోయారు. తర్వాత మాట్లాడుకున్నాం, సర్దుకున్నాం. కానీ కొత్త గేమ్ మాస్టర్ చేతిలో ఇదే పుస్తకం పడితే ఎలా అన్న టెన్షన్ నాకు ఉంది.

ఇక వస్తువు లోపాలు. ప్లేయర్ల కోసం అని ముద్రించిన పెద్ద మ్యాప్ మీదే రహస్య సొరంగాలు చుక్కల గీతలతో ఉన్నాయి. దాన్ని టేబుల్ మీద పరవగానే దొంగల గుహ ఎక్కడుందో అందరికీ తెలిసిపోయింది. మ్యాప్ మీది అంకెలకూ పుస్తకంలోని అంకెలకూ రేవు ప్రాంతం నుంచి పొంతన లేదు. ఏ సిస్టమ్‌తోనైనా (ఏ గేమ్ నియమాలతోనైనా) ఆడవచ్చని పెట్టె మీద రాశారు, లోపల స్టాట్స్ ఒకే ఒక్క సిస్టమ్‌కు ఉన్నాయి. 1981లో కేయోసియం అనే గేమ్ సంస్థ వేసిన థీవ్స్ వరల్డ్ బాక్స్‌లో తొమ్మిది వేర్వేరు గేముల స్టాట్స్ ఇచ్చారు, ప్లేయర్లకు, గేమ్ మాస్టర్‌కు వేర్వేరు పుస్తకాలు పెట్టారు. నలభై ఏళ్లకు పైగా కిందటే చేసి చూపించిన పని ఇది.

నేను కోరేవి ఇవి. తప్పు మ్యాప్‌కు బదులు, సొరంగాలు లేని ప్లేయర్ మ్యాప్‌ను అచ్చులో పంపాలి. అంకెల సవరణ పట్టికను కొన్నవాళ్లందరికీ ఉచితంగా ఇవ్వాలి. పెట్టె మీది మాట నిలబెట్టుకునేలా, మిగతా సిస్టమ్‌లకు స్టాట్స్ లేకపోయినా ప్రతి పాత్ర ఎంత బలవంతుడో మాటల్లో చెప్పే ఒక పట్టిక విడుదల చేయాలి. బానిసల సంత అధ్యాయాన్ని తిరగరాయాలి, సెషన్ జీరో పేజీ చేర్చాలి.

అన్నిటికంటే ముఖ్యంగా ఒక చిన్న అనుబంధం కావాలి. ఏడు ముఠాలకూ ఆదాయం, అవసరం, శత్రువు, ఇప్పుడు నడుస్తున్న పథకం రాయండి. ప్రతి పేటకూ అక్కడ చెల్లే మూడు కట్టుబాట్లు, వాటిని మీరితే ముందు తలుపు తట్టేది ఎవరో రాయండి. నీళ్లు, తిండి, శవాల ఖననం ఎవరి చేతిలో ఉన్నాయో రాయండి. ముప్పై పేజీలు చాలు. మీ దగ్గర రాయగలవాళ్లు ఉన్నారు. దీపస్తంభంలో కాపలా ఉండే ముసలామె గురించిన ఆ ఒక్క పేజీ అద్భుతంగా ఉంది. ఆమె ఏ ఓడకు దీపం వెలిగిస్తుందో, ఏ ఓడకు ఆర్పేస్తుందో, దానికి ఎవరి దగ్గర ఏం తీసుకుంటుందో చదివి ఈ పుస్తకం మీద ఎంతో ఆశ పెట్టుకున్నాను. ఆ పేజీ రాసిన మనిషికే ఈ అనుబంధం అప్పగించమని నా మనవి.

ఈ సవరణలు చేసే ఉద్దేశం లేకపోతే బాక్స్ వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు తిరిగి ఇవ్వండి. ఆర్డర్ రసీదు, మ్యాప్ ఫొటోలు, అంకెలు కలవని చోట్ల జాబితా ఈ లేఖతో జతచేశాను. మార్చుకోండి అనే జవాబు కాకుండా, ఏది ఎప్పటిలోగా చేస్తారో తెలిపే జవాబు రాతపూర్వకంగా పంపగలరు.

ఇట్లు,
మీ నగరంలో ఇంకా ఆడుతున్న ఒక గేమ్ మాస్టర్